తాత వ్రాత, మనుమని చదువు



తాత వ్రాసిన యుత్తరమును మనుమడు చదువలేకపోవుట యెంత కష్టమో యూహింపుడు. మనుమడు చదువురానివాడు కాడు. తాత పరభాషలో వ్రాయలేదు. ఇరువురి మాటయు నొక్కటియే, అక్షరములు మాత్రము వేఱు. కాస్పియన్ సముద్రమునకు పడమటనున్న అజర్‌బైజాన్ దేశమున 20వ శతాబ్దమునందు నిట్టి స్థితి యేర్పడెను.

అజర్‌బైజానీ తుర్కీ కుటుంబమునకు జెందిన భాష. పెక్కు శతాబ్దములు దానిని అరబ్బీ లిపిలో వ్రాసిరి. ఆ భాషలో అచ్చులు తొమ్మిది. వానిని దెలుపుటకు అరబ్బీ లిపిలోని యక్షరములు చాలవు. ‘ఒన్’ అనగా పది, ‘ఉన్’ అనగా పిండి. పాతవ్రాతలో రెండును నొక్కటియే. సందర్భమునుబట్టి చదువరియే గ్రహించుకొనవలెను. ఈ చిక్కును జూచి, నాటకకర్తయగు మీర్జా ఫతాలీ అఖుందోవ్ 1857లోనే లిపిసంస్కారమును ప్రతిపాదించెను. 1863లో ఇస్తాంబూలునకు బోయి పండితులకు విన్నవించెను. కాని యది యాచరణకు రాలేదు.

సోవియట్ పాలన యేర్పడిన పిమ్మట 1922లో లాటిన్ అక్షరములు ప్రవేశించినవి. 1929లో నవియే విధిగా నిర్ణయింపబడినవి. పట్టుమని పదునొకండేండ్లు గడచునంతలో, 1940 జనవరి 1 నుండి రష్యనులు వాడు సిరిలిక్ లిపి వచ్చెను. సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైనప్పుడు, 1991 డిసెంబరులో మరల లాటిన్ లిపికి చట్టము చేసిరి. పత్రికలు, కార్యాలయములు పూర్తిగా మారుటకు 2001 ఆగస్టు 1 వఱకు బట్టెను.

1915లో బుట్టిన యొక రైతు నూహింపుడు. బాల్యమున కుడినుండి యెడమకు చదువ నేర్చెను. పదునాల్గవయేట నెడమనుండి కుడికి చదువవలసివచ్చెను. ఇరువదియైదవయేట మఱియొక యక్షరమాల, డెబ్బదియాఱవయేట నింకొకటి. ఊరు కదలలేదు, భాష మారలేదు. అయినను మూడుమార్లు క్రొత్తగా ఓనమాలు దిద్దవలసివచ్చెను. అరస్ నదికి దక్షిణమున, ఇరానులోనున్న వాని బంధువులు నేటికిని అరబ్బీ లిపినే వాడుచున్నారు. ఏటికిరువైపులవారును మాటలాడుకొనగలరు, ఉత్తరము వ్రాసికొనుట మాత్రము కష్టము.

లిపిని సంస్కరించుట తప్పు కాదు. అఖుందోవ్ చెప్పిన కొఱత నిజమైనదే. కాని లిపి మారినప్పుడెల్ల పాతపుస్తకములను క్రొత్తయక్షరములలోనికి దెచ్చుకొననిచో, నవి యింటనుండియు మూగవోవును. అందుచేతనే 2004లో నచ్చటి ప్రభుత్వము పూర్వగ్రంథములను లాటిన్ లిపిలో మరల ముద్రింప నుత్తరువు చేసెను. గ్రంథములను ప్రభుత్వము ముద్రింపవచ్చును. ఇంటి యుత్తరములను, పత్రములను ముద్రించువారెవరు? వానిని చదివి చెప్పుటకు పాతయక్షరములెఱిగిన వృద్ధుడే యుండవలెను. అట్టివాడు జీవించియుండగనే పిల్లలాతనియొద్ద గూర్చుండి చదివించుకొనుట మేలు.