క్షేత్రపరిశోధనమునకు తగిన ధ్వనిగ్రహణ సాధనములు

1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశ ప్రథమ సంపుటము వ్యవసాయ పదములను ప్రజల నోటినుండియే సేకరించి మార్గము చూపినది. వ్యవసాయ కుటుంబములవారు పలువురు కర్మాగారములలో పనిచేయు పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతమున అట్టి సేకరణము నేడు అత్యావశ్యకము. అయితే 65వ జాతీయ రహదారిపై లారీల రొదలో, యంత్రముల హోరులో దంత్య తాలవ్య చకారముల భేదమును పట్టుకొనుట యెట్లు?

ధనము స్వల్పమైనపుడు మైకును నోటికి దగ్గర చేయుటయే ప్రథమ కర్తవ్యమని మా మతము. ఆరుబయట దూరము సగమైనప్పుడెల్ల మాట సుమారు 6 డెసిబెళ్లు హెచ్చును. 60 సెంటీమీటర్లనుండి 15కు వచ్చినచో లాభము 12 డెసిబెళ్లు. రొద మాత్రము పెరుగదు.

ప్రీఆంప్లిఫయరు మైకునుండి వచ్చు అత్యల్ప విద్యుత్సంకేతమును పెంచు సాధనము. అది మాటను, రొదను సమముగనే పెంచును, వేరుచేయజాలదు. చేతబట్టు డైనమిక్ మైకు సంకేతము మిక్కిలి బలహీనము. దానికి 60 డెసిబెళ్ల వరకు పెంపు వలయును. రికార్డరు అంత పెంచునపుడు బుస వినిపించినచో ప్రీఆంప్లిఫయరు కొనుట సార్థకము. చొక్కాకు తగిలించు చిన్న కండెన్సరు మైకునకు చాలవరకు అది అనావశ్యకము. దానికి వలయు కొద్దిపాటి విద్యుత్తును రికార్డరు అందించునో లేదో ముందే చూచుకొనవలెను. కుదించిన ఫైలులో సూక్ష్మధ్వనులు చెడవచ్చును గావున 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలు శ్రేయము.

ఈ విద్య నిపుణులకే పరిమితము కాదు. ఈ జిల్లాలోని మాచ్‌నూరున 2008లో ప్రారంభమైన సంగం రేడియోకు గ్రామీణ దళిత మహిళలే స్వయముగా ధ్వనిముద్రణము చేసిరి. పలికినవారు గతించిన పిదప వారి పలుకునకు ఆ ముద్రణమే సాక్ష్యము.