పురపాలక ప్రగతి కొలమానాలు

పురపాలక ప్రగతి కొలమానాలు అనగా ఒక పట్టణంలో పర్యావరణ పరిరక్షణ, ప్రజల జీవన స్థితి ఏ మేరకు మెరుగుపడినవో తెలుసుకొనుటకు పురపాలక సంఘాలు, ప్రభుత్వాలు ఉపయోగించే లెక్కలు, సూచికలు. తాగునీరు, పారిశుధ్యం, చెత్త సేకరణ, పచ్చదనం, గాలి నాణ్యత, ఆరోగ్యం వీటిలో ముఖ్యమైన అంశాలు. తెలంగాణ రాష్ట్రంలోని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణాలు ఈ కొలమానాలు చిన్న పట్టణాలలో ఎట్లు పనిచేయునో, ఎక్కడ తప్పుదారి పట్టించునో తెలుపుటకు తగిన ఉదాహరణలు.

నేపథ్యం

1992లో ఆమోదం పొంది 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు రాజ్యాంగ హోదా కల్పించింది. దాని ద్వారా చేర్చబడిన 12వ షెడ్యూలులో 18 అంశాలు ఉన్నాయి. నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుధ్యం, చెత్త నిర్వహణ, పట్టణ వనాల పెంపకం, పర్యావరణ పరిరక్షణ వీటిలోనివే. బాధ్యతలు అప్పగించిన తరువాత వాటి నిర్వహణను కొలిచే పద్ధతి అవసరమైంది.

అంతర్జాతీయంగా 2014లో నగర సేవలు, జీవన నాణ్యత సూచికలకై ఐఎస్ఓ 37120 ప్రమాణం వెలువడింది. 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో 11వది నగరాలకు సంబంధించినది. అయితే ఇటువంటి సూచికలు ఎక్కువగా పెద్ద నగరాలను దృష్టిలో ఉంచుకొని వాడబడుచున్నవి. భారతదేశంలో 2018, 2020 సంవత్సరాల సులభ జీవన సూచిక 111 నగరాలకు, 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన పట్టణ సుస్థిరాభివృద్ధి సూచిక 56 నగరాలకు పరిమితమయ్యాయి. చిన్న పట్టణాలకు వీటిలో చోటు లేదు.

మూడు పట్టణాలు

ఈ మూడు పట్టణాలు పూర్వపు వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మూడూ కొత్త జిల్లాలకు కేంద్రాలైనవి. 2011 జనాభా లెక్కల ప్రకారం మూడింటిలో ఏ ఒక్కదాని జనాభా లక్షకు చేరలేదు. 2020 పురపాలక ఎన్నికల నాటికి జనగామలో 30, మహబూబాబాదులో 36, భూపాలపల్లిలో 30 వార్డులు ఉండెను.

జనగామ హైదరాబాదు, వరంగల్లుల నడుమ రైలు, రహదారి మార్గాలపై ఉన్న వ్యాపార కేంద్రం. వర్షాభావ ప్రాంతమైనందున భూగర్భ జలాలపై ఒత్తిడి, వాటిలో ఫ్లోరైడు ఇక్కడి పాత సమస్యలు. మహబూబాబాదు కాజీపేట - విజయవాడ రైలు మార్గంపై ఉన్నది. చుట్టుపక్కల తండాల నుండి వైద్యానికి, చదువులకు, వ్యాపారానికి ప్రజలు ఇక్కడికి వస్తారు. భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల పట్టణం. సమీపంలోని చెల్పూరు వద్ద 500, 600 మెగావాట్ల యూనిట్లు గల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది.

సేవల స్థాయి ప్రామాణికాలు

2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ నాలుగు రంగాలలో 28 సూచికలతో సేవల స్థాయి ప్రామాణికాలను ప్రకటించింది. నీటి సరఫరాకు 9, మురుగునీటికి 9, ఘన వ్యర్థాలకు 8, వాననీటి కాలువలకు 2 సూచికలు కేటాయించారు. తలసరి రోజుకు 135 లీటర్ల నీరు, లెక్కకు రాని నీరు 20 శాతం మించకుండుట, నీటి నాణ్యత పరీక్షలలో 100 శాతం ఉత్తీర్ణత, ఫిర్యాదులలో 80 శాతం పరిష్కారం మొదలైనవి వీటిలోని లక్ష్యాలు. 13వ ఆర్థిక సంఘం (2010-15) తన ప్రోత్సాహక నిధులకు ఈ లక్ష్యాలను గెజిట్‌లో ప్రచురించుటను ఒక షరతుగా పెట్టింది. ఆ విధంగా కొలమానం నిధులతో ముడిపడింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కూడా పురపాలక సంఘాలకు తలసరి 135 లీటర్లనే లక్ష్యంగా తీసుకొన్నది.

నీటి విషయంలో పరిమాణం ఒక్కటే చాలదు. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండవలెను. వేరే జలాధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. జనగామ వంటి చోట నల్లా నీరు చాలక బోరు నీరు తాగే ఇల్లు, సరఫరా పట్టికలో "నల్లా ఉన్న ఇల్లు"గానే నమోదు కాగలదు. కనెక్షన్ల సంఖ్యతో పాటు ఆ ఇంటివారు వాస్తవంగా తాగే నీటిని పరీక్షించినప్పుడే లెక్క పూర్తియగును.

స్వచ్ఛ సర్వేక్షణ్

2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ మిషన్‌లో భాగంగా 2016 నుండి స్వచ్ఛ సర్వేక్షణ్ జరుగుచున్నది. తొలి సర్వేలో 73 నగరాలు, 2017లో 434 నగరాలు పాల్గొన్నాయి. 2018లో దేశంలోని 4,203 పట్టణాలకు విస్తరించుటతో చిన్న పురపాలక సంఘాలు కూడా తొలిసారిగా ర్యాంకుల పరిధిలోకి వచ్చాయి. లక్షలోపు జనాభా గల పట్టణాలను వేరుగా పోల్చారు. 2021 సర్వేలో మొత్తం 6,000 మార్కులలో సేవల ప్రగతికి 2,400, ధ్రువీకరణకు 1,800, ప్రజాభిప్రాయానికి 1,800 మార్కులు కేటాయించారు.

ర్యాంకు అనేది ఇతర పట్టణాలతో పోల్చి చెప్పే మాట. ఒక పట్టణం పరిశుభ్రత మెరుగుపడినా, మిగిలినవి అంతకంటె వేగంగా మెరుగుపడితే ర్యాంకు పడిపోవును. కావున గత సంవత్సరంతో పోల్చుటకు ర్యాంకు కంటె సేకరించిన చెత్త బరువు, తడి పొడి చెత్తగా వేరుచేసి ఇచ్చిన ఇళ్ల శాతం, డంపింగు యార్డుకు చేరిన చెత్త బరువు ఎక్కువ ఉపయోగకరం. చెత్త బండి వీధికి వచ్చినట్లు నమోదగుట, చెత్త తూకం వేయబడుట రెండూ ఒకటి కావు.

మరుగుదొడ్ల విషయంలోనూ ఇట్టి తేడా ఉన్నది. బహిరంగ మలవిసర్జన రహిత హోదా తొలుత మరుగుదొడ్ల లభ్యత, వాడకంపై ఆధారపడింది. తరువాత వచ్చిన ప్లస్ ప్లస్ హోదాలో మానవ వ్యర్థాల సురక్షిత శుద్ధిని చేర్చారు. సెప్టిక్ ట్యాంకులపై ఆధారపడే చిన్న పట్టణాలకు ఇది కీలకం. ట్యాంకరు ఖాళీ చేసిన వ్యర్థం శుద్ధి కేంద్రానికి పోవునా, పొలం గట్టుకో వాగుకో పోవునా అన్నది మరుగుదొడ్ల సంఖ్య చెప్పలేదు. పూర్వపు ఉమ్మడి జిల్లా కేంద్రమైన వరంగల్లులో నగరపాలక సంస్థ 2016లో ఈ వ్యర్థాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు రూపొందించింది.

పచ్చదనం లెక్క

2015 జూలైలో ప్రారంభమైన తెలంగాణకు హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుండి 33 శాతానికి పెంచుటను లక్ష్యంగా పెట్టుకొన్నది. 2024లో మొక్కలు నాటే కార్యక్రమం వన మహోత్సవం పేరుతో జరిగింది. ఇటువంటి కార్యక్రమాలలో సులభంగా లభించే అంకె నాటిన మొక్కల సంఖ్య.

2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ఈ లెక్కను మార్చింది. పురపాలక బడ్జెటులో 10 శాతాన్ని హరిత బడ్జెటుగా కేటాయించవలెనని, నాటిన మొక్కలలో 85 శాతం బ్రతకవలెనని నిర్దేశించి, ఆ బాధ్యతను వార్డు సభ్యునిపైన, వార్డు అధికారిపైన ఉంచింది. దీనితో కొలవవలసినది నాటిన మొక్క గాక నిలిచిన మొక్క అయినది. నాటే పని వానాకాలంలో కొద్ది రోజులలో ముగియును. బ్రతికించే పనికి వేసవి అంతా నీరు, కంచె, మనుషులు కావలెను. పదివేల మొక్కలు నాటిన పట్టణం మరుసటి వేసవి ముగిసిన తరువాత 8,500 మొక్కలను చూపవలసి ఉంటుంది. చనిపోయిన వాటి స్థానంలో కొత్తవి నాటి వాటినీ బ్రతికినవిగా లెక్కించినచో ఈ సూచిక అర్థం కోల్పోవును.

గాలి నాణ్యత

2009 జాతీయ ప్రమాణాల ప్రకారం గాలిలో 10 మైక్రాన్ల లోపు ధూళి కణాల వార్షిక సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, 2.5 మైక్రాన్ల లోపు కణాల సగటు 40 మైక్రోగ్రాములు మించరాదు. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం క్రింద తెలంగాణ నుండి హైదరాబాదు, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి ఎంపికైనవి. పూర్వపు వరంగల్లు జిల్లా పట్టణాలు ఆ జాబితాలో లేవు. గనులు, బొగ్గు లారీలు, విద్యుత్ కేంద్రం గల భూపాలపల్లి వంటి పట్టణానికి ధూళి ముఖ్యమైన సూచిక. కాని గనులు, విద్యుత్ కేంద్రం పురపాలక సంఘం అధీనంలో లేవు. వాటి పర్యవేక్షణ కాలుష్య నియంత్రణ మండలిది. పురపాలక నివేదికలో రోడ్లు ఊడ్చిన లెక్క ఉంటుంది, ఊడ్చిన ధూళి ఎక్కడి నుండి వచ్చినదన్న లెక్క ఉండదు.

ప్రజా సంక్షేమ సూచికలు

ఆరోగ్యం, పోషణ, విద్యలకు చెందిన సమాచారం ఎక్కువగా జిల్లా స్థాయిలో లభిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగవ విడత (2015-16) నాటికి తెలంగాణలో 10 జిల్లాలే ఉండెను. ఐదవ విడతలో (2019-21) 31 జిల్లాలకు వేరువేరు ఫలితాలు వెలువడినవి. అందువలన ఈ మూడు జిల్లాలకు రక్తహీనత, పిల్లల ఎదుగుదల వంటి అంశాలలో పాత విడతతో నేరుగా పోల్చుటకు వీలులేదు.

2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో తెలంగాణ నుండి ఎంపికైన మూడింటిలో జయశంకర్ భూపాలపల్లి ఒకటి. ఇందులో 49 సూచికలతో జిల్లాలను కొలుస్తారు. ఆరోగ్యం, పోషణలకు 30 శాతం, విద్యకు 30 శాతం, వ్యవసాయం, జల వనరులకు 20 శాతం, ఆర్థిక సేవలు, నైపుణ్యాలకు 10 శాతం, మౌలిక వసతులకు 10 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. 2019 ఫిబ్రవరి 17న ములుగు ప్రత్యేక జిల్లాగా విడిపోవుటతో కొలవబడే జిల్లా సరిహద్దే మారిపోయింది. జిల్లా సగటులో పట్టణపు మురికివాడ, అడవి గూడెం కలిసిపోయి, ఏ ఒక్కదాని స్థితీ విడిగా తెలియకుండును.

జనాభా అనే హారం

తలసరి లెక్కలన్నింటికీ జనాభా హారం. 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడినందున 2011 అంకెలే చాలా కాలం ఆధారమైనవి. జిల్లా కేంద్రాలైన తరువాత ఈ పట్టణాలకు కార్యాలయాలు, ఉద్యోగులు వచ్చారు. ప్రభుత్వ వైద్య కళాశాలలు మహబూబాబాదులో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రారంభమైనవి. ఉదాహరణకు రోజుకు 67.5 లక్షల లీటర్లు సరఫరా చేసే ఒక పట్టణ జనాభా 50,000 అయినచో తలసరి 135 లీటర్లు, లక్ష్యం నెరవేరినట్లే. వాస్తవ జనాభా 75,000 అయినచో తలసరి 90 లీటర్లే. నీరు మారలేదు, పైపులు మారలేదు. మారినది హారం మాత్రమే. చెత్త, పారిశుధ్య కార్మికుల సంఖ్య, వైద్య సేవలకూ ఇదే వర్తిస్తుంది.

వార్డు కమిటీలు

2019 చట్టం ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో 15 మంది ఉండవలెనని నిర్ణయించింది. 2020 ఫిబ్రవరి 24 నుండి మార్చి 4 వరకు జరిగిన తొలి పట్టణ ప్రగతి కార్యక్రమంలో వార్డుల వారీగా సమస్యలు గుర్తించి ప్రణాళికలు తయారుచేశారు. అంశానికొక కమిటీ చొప్పున పనులను పర్యవేక్షించే పద్ధతికి పూర్వపు వరంగల్లు జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి గ్రామం అంతకు ముందే పేరుపొందింది.

ఏ వీధికి బండి రాలేదో, ఏ మొక్క ఎండిపోయినదో వార్డు వాసులకు తెలియును. 2020లో ఎన్నికైన పాలకవర్గాల పదవీకాలం 2025 జనవరిలో ముగిసి, ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు, జవాబు చెప్పవలసిన వార్డు సభ్యుడే లేకపోయెను. 85 శాతం నియమం వంటివి వ్యక్తి బాధ్యతపై ఆధారపడినవి గనుక, అట్టి విరామంలో లెక్క కొనసాగినా దాని వెనుక ఉండవలసిన జవాబుదారీతనం బలహీనమగును.

పరిమితులు

ఒకే సంస్థ పనిచేసి, తానే నమోదుచేసి, ఆ నమోదుపైనే నిధులు పొందునప్పుడు అంకె పెరుగుటకు ప్రోత్సాహం ఉంటుంది, సరిచూచుటకు అంతగా ఉండదు. పట్టణ సగటు బాగున్నా శివారు కాలనీలు, మురికివాడలు వెనుకబడి ఉండవచ్చును. సమాచార హక్కు చట్టం (2005) 4వ విభాగం ప్రకారం ప్రభుత్వ సంస్థలు అడుగకముందే సమాచారాన్ని వెల్లడించవలెను. నీటి పరీక్షలు, చెత్త తూకాలు, బ్రతికిన మొక్కల జాబితాలు వార్డుల వారీగా ప్రకటించబడినచో, ఆ వార్డులో నివసించేవారు తమ వీధిని చూసి అంకెలను సరిచూడగలరు.