గర్భిణుల చర్మంపై చారలు

గర్భం ఆరో నెల దాటి పొట్ట వేగంగా పెరిగేటప్పుడు, పై పొర కింద ఉండే అంతశ్చర్మంలో బిగువునిచ్చే కొల్లాజెన్, సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ అనే పోగులు దెబ్బతినడం వల్ల పొట్ట, రొమ్ములు, తొడలపై స్ట్రెచ్ మార్కులనే చారలు పడతాయి. దీనికి హార్మోన్ల మార్పులు తోడవుతాయి. తల్లికి వచ్చి ఉంటే కూతురికీ వచ్చే అవకాశం ఎక్కువ కనుక, గోక్కోవడం వల్లే చారలు పడ్డాయని గర్భిణిని నిందించడం అన్యాయం.

ఆలివ్ నూనె, కోకో బటర్ వంటి పూతలపై జరిగిన పరీక్షలను 2012లో సమీక్షించిన కాక్రేన్ సంస్థ, అవి చారలను ఆపుతాయనడానికి నాణ్యమైన ఆధారాలు లేవని తేల్చింది. అయినా కొబ్బరినూనెతో మృదువుగా మర్దన చేసుకుంటే పొడిబారిన చర్మపు దురద తగ్గుతుంది, ఆ ఉపశమనం చిన్నదేమీ కాదు. అయితే అరచేతుల్లో, అరికాళ్లలో, ముఖ్యంగా రాత్రిపూట, విపరీతమైన దురద వస్తే అది కాలేయ సమస్యకు సూచన కావచ్చు కనుక వెంటనే డాక్టరుకు చెప్పాలి.

బరువు నిదానంగా పెరగడం మేలే గాని, చారల భయంతో తిండి తగ్గించడం బిడ్డకు చేటు.

ఎర్రగా, ఊదాగా కనిపించే కొత్త చారలు కాన్పు తర్వాత క్రమంగా వెలిసిపోతాయి. వాటిని కొంత తగ్గించే ట్రెటినాయిన్ క్రీమును గర్భిణులు వాడకూడదు. లేజర్ చికిత్స కాన్పయ్యాక చేయించుకోవచ్చు గాని, అదీ చారలను పూర్తిగా చెరిపివేయదు.