ఒజోమాట్లి: అనేక తాళముల కూడలి

మన ప్రాంతమున "బ్యాండు" అనగానే పెండ్లి యూరేగింపులో ఎఱ్ఱకోట్లు తొడుగుకొని బాకాలూదుచు నడచు మేళమే జ్ఞప్తికి వచ్చును. మేమిందు వ్రాయబోవునదియు నొక బ్యాండును గూర్చియే. బాకాలు దానియందును గలవు. వాయించుచు జనుల నడుమ నడచుట దానికిని మిక్కిలి ప్రీతి. అయితే అది పుట్టినది లాస్ ఏంజిలిస్ నగరమున, 1995వ సంవత్సరమున. పుట్టుటకు కారణము పెండ్లి కాదు, పనివారి తగవు.

ఆ నగరమున యువకులకు పనులు కల్పించు నొక సంస్థలో విల్-డాగ్ ఏబర్స్ అను నాతడు పనిచేయుచుండెను. అతడును తోడివారును కార్మికసంఘము నేర్పరచుకొనగోరి, అందువలన వివాదము పెరుగగా, తాము పనిచేయు భవనములోనే బైఠాయించిరి. ఉద్యోగములు పోయినవి గాని, కొంతకాలము ఆ భవనమును వాడుకొను హక్కు మాత్రము వారికి దక్కెను. దానిని యువజనులకు శాంతి న్యాయ కేంద్రముగా మార్చిరి. కేంద్రము నడుచుటకు ధనము కావలెను గదా! విల్-డాగ్ తానెఱిగిన వాద్యగాండ్రనందరిని పిలిచెను. వచ్చినవారిలో ఒకరి విద్య యొకరికి రాదు: ఒకడు రాక్ గిటారు, ఒకడు క్యూబా డప్పులు, ఒకడు ట్రంపెట్టు, ఒకడు సాక్సోఫోను, ఒకడు మాటలనే తాళముగా పలుకు ర్యాప్ గాయకుడు. జీరో యమగూచి అను నాతడు మన తబలా వాయించువాడు. ఎవరిని వెనుకకు పంపుటకు మనసొప్పక అందరును కలిసి వాయించిరి. ఆ మేళమే ఒజోమాట్లి.

ఈ పేరు మెక్సికో దేశపు ప్రాచీనులైన ఆజ్టెకుల నావాట్ల్ భాషలోనిది. కోతి యని యర్థము. వారి పంచాంగమున ఇరువది దినచిహ్నములు గలవు. అందు పదునొకండవది కోతి. ఆ దినమునకు అధిదేవత పూవులకును, పాటకును, నాట్యమునకును ప్రభువు. చిన్నపిల్లలకు ఈ పేరు వినగానే నవ్వు వచ్చును. మా తరగతిలోను వచ్చినది.

ఇక వీరి సంగీతమును గూర్చి. రాక్ సంగీతమునకు ఆధారము నాలుగు దెబ్బల తాళము; అందు రెండవ, నాలుగవ దెబ్బలు బరువుగా పడును. లాటిన్ సంగీతమనునది మాత్రము ఒక్కటి కాదు. కొలంబియా దేశపు సముద్రతీరమున పుట్టిన కుంబియాలో ఆఫ్రికావారి డోళ్ళు, ఆదివాసుల పిల్లనగ్రోవులు, స్పెయిన్ వారి పాటకట్టు కలిసినవి. గాట్లు పెట్టిన వెదురువంటి కఱ్ఱపై పుల్లతో గీయగా పుట్టు గరగర శబ్దము దాని నడకను పట్టి నిలుపును. మెక్సికోలోని వేరాక్రూస్ ప్రాంతపువారు చిన్న గిటారులు మీటుచు, చెక్కవేదికపై పాదములతోనే తాళము వేయుదురు. ఉత్తర మెక్సికోలో వినబడు అకార్డియను జర్మను వలసవారు పందొమ్మిదవ శతాబ్దమున తెచ్చినది. అది మన హార్మోనియమునకు దగ్గఱి చుట్టమే. రెంటిలోను తిత్తి గాలికి లోహపు నాలుకలదరి స్వరము పలుకును. హార్మోనియమును ఐరోపానుండి వచ్చినదే. ఆలిండియా రేడియో దానిని 1940లో నిషేధించగా, ఆ నిషేధము 1971 వరకు సడలలేదు. అంతలో అది భజనమందిరములలోను, దేవాలయములలోను, మా పాఠశాల సభామందిరములోను స్థిరనివాస మేర్పరచుకొనెను.

ఇన్ని దేశముల నడకలు ఒక్క పాటలో నెట్లు పొసగునని తలిదండ్రులు కొందరడిగిరి. దీనికి జవాబు చెవులకంటె చేతులు బాగుగా చెప్పగలవు. విద్యార్థులారా, ఒకటి మొదలు పదునాఱు వరకు సమముగా లెక్కింపుడు. 1, 5, 9, 13 అంకెలకు పాదము నేలపై వేయుడు. ఇది రాక్ తాళము. ఇప్పుడు లెక్క నాపకయే 1, 4, 7, 11, 13 అంకెలకు చేతులతో చప్పట్లు కొట్టుడు. ఇది క్యూబావారి క్లావే. ఎడములు మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు; మొత్తము పదునాఱే. చేతులును కాళ్ళును కలిసికొనునది ఒకటియందును పదుమూడునందును మాత్రమే. తక్కిన చోట్ల చేయి కాలిని తప్పించుకొని పోవును. ఆ తప్పించుకొనుటలోనే వినువాని నడుము కదలును! రాక్ తాళములో బరువైన నాలుగవ దెబ్బ పడునది సరిగా పదుమూడవ అంకెపైననే. ఇట్లు రెండు తాళములును ఒకే మేకునకు కట్టబడుటచేత, ఎంత దూరము విడిపోయినను తిరిగి అక్కడికే వచ్చి కలియును. మేము దీనిని తొమ్మిదవ తరగతివారిచే చేయించితిమి. మూడు దినములు గది యంతయు గందరగోళమే. నాలుగవ దినమున వెనుక బల్లపై కూర్చుండి ఎన్నడును నోరు విప్పని బాలుడొకడు తప్పులేకుండ వేసెను; వాని యింట డప్పు వాయించుట తరతరముల వృత్తి యని పిదప తెలిసినది. అతనిని అంతకుముందు మేమొక్కనాడైనను లేపి అడిగినవారము కాము.

ఈ కలయికకు ఒజోమాట్లివారే ఆద్యులు కారు. 1958లో రిచీ వాలెన్స్ వేరాక్రూస్ జానపదగీతమైన "లా బాంబా"ను రాక్ నడకలో పాడెను. కార్లోస్ సంటానా 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవమున విద్యుత్ గిటారును క్యూబా డప్పులతో జోడించెను. వీరి నగరమునకే చెందిన లోస్ లోబోస్ 1973లో బయలుదేరెను. మన దేశమునను బాలుస్వామి దీక్షితులవారు ఐరోపా వయొలిన్‌ను కర్ణాటక సంగీతమునకు తేలేదా? పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌పై రాగములు పలికించలేదా? వాద్యము పరదేశీయమైనను పలికిన భాష ఇచ్చటిదే.

ఒజోమాట్లిలో మాకు నచ్చని దొకటి కలదు. ఒక్కొక్కప్పుడు ఒకే పాటలో నడక ఇన్నిమారులు మారును గనుక, చెవి ఒకచోట కుదురుకొనులోపలనే ఇల్లు ఖాళీచేయవలసి వచ్చినట్లుండును.

పదిమంది మేళము బ్రదుకుట సులభము కాదు. నలుగురున్నను పదిమందియున్నను ప్రదర్శనకిచ్చు సొమ్ము ఒక్కటే. అది పదింటికి పంచబడును. బండి, భోజనము, బస, డప్పుల మోత వేఱు. కనుకనే ఇట్టివారు ఊరూరు తిరుగుట మాని కూర్చుండలేరు. మొదటి రికార్డు 1998లో వచ్చెను. రెండవది పెద్ద కంపెనీ పక్షమున 2001 సెప్టెంబరు 11న, న్యూయార్కు జంటభవనములు కూలిన దినముననే, వెలువడెను. దాని పేరునకు "అల్లకల్లోలమును కౌగిలించుకొనుడు" అని యర్థము. ముందుగా పెట్టిన పేరు ఆనాడెట్లు వినబడినదో ఊహింపవచ్చును. 2002లో దానికి గ్రామీ బహుమతి లభించెను. తరువాత వారు పెద్ద కంపెనీని వీడి, స్వతంత్ర సంస్థయైన కాంకర్డువారితో 2004లో "స్ట్రీట్ సైన్స్" తెచ్చిరి. మొరాకోకు చెందిన హసన్ హక్మూన్, ప్రసిద్ధ పియానో విద్వాంసుడైన ఎడ్డీ పాల్మియేరి అందు పాల్గొనిరి. దానికిని 2005లో గ్రామీ వచ్చెను. ఆ 2004 మార్చిలోనే ఆస్టిన్ నగరమున తమ వాడుక చొప్పున డప్పులు వాయించుచు జనులతో వీధిలోనికి రాగా, పోలీసులు కొందరిని నిర్బంధించిరి.

అన్నిటికంటె చిక్కైనది 2007లో వచ్చెను. అమెరికా విదేశాంగశాఖ వీరిని సంస్కృతి రాయబారులుగా దేశాంతరములకు పంపదలచెను. వీరో, ఆ ప్రభుత్వము ఇరాకుపై చేయు యుద్ధమును బహిరంగముగా ఖండించువారు. ఖండించిన ప్రభుత్వపు టిక్కెట్టుపై ప్రయాణము చేయవచ్చునా? చేయరాదనువారి వాదము మాకును బోధపడును. అభిమానము గలవాడు ఇష్టములేని యింట మంచినీళ్ళైనను త్రాగడు. వీరు మాత్రము వెళ్ళిరి. తమ యభిప్రాయమును మార్చుకొనలేదు. నేపాలు, జోర్డాను, టునీసియా, మడగాస్కరు దేశములలో వాయించిరి. నేపాలులో పదేండ్ల అంతర్యుద్ధము 2006 నవంబరులో సంధితో ముగిసియుండెను. లాస్ ఏంజిలిస్ తబలా, తబలా పుట్టిన ఉపఖండములో, ఆ జనుల యెదుట మ్రోగెను.

2010లో లాస్ ఏంజిలిస్ నగరపాలకులు ఏప్రిలు 23ను ఒజోమాట్లి దినముగా ప్రకటించిరి. తగవులాడి దక్కించుకొనిన భవనములో తొలిసారి వాయించిననాటికి అది పదునేనవ సంవత్సరము.