ఆసుపత్రి శుభ్రతకు ఆధారమైన శాస్త్రము

రోగము నయము చేసికొనుటకు ఆసుపత్రికి పోయినవాడు అక్కడ మరియొక రోగమును తెచ్చుకొనుట వింతగా తోచవచ్చును. కాని ఇది పాత సంగతియే. దీనికి కారణమును మొదట పట్టుకొన్నవారిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ముఖ్యుడు.

వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో ఆ రోజులలో రెండు ప్రసూతి విభాగము లుండెడివి. మొదటి దానిలో వైద్య విద్యార్థులు, రెండవ దానిలో మంత్రసానులు శిక్షణ పొందుచుండిరి. 1841 నుండి 1846 వరకు సగటున మొదటి విభాగములో నూటికి సుమారు 10 మంది తల్లులు మరణించిరి. రెండవ దానిలో నూటికి నలుగురైనను లేరు. ప్రసవించిన స్త్రీలకు వచ్చు సూతికా జ్వరమే ఈ మరణములకు ముఖ్య కారణము. మొదటి విభాగములో చేర్చవద్దని గర్భిణులు ఏడ్చి వేడుకొనెడివారు.

గాలి ఒక్కటే, ఊరు ఒక్కటే. మరి భేద మెక్కడ? 1847లో కొల్లెచ్‌కా అను ఆచార్యుడు శవపరీక్ష సమయమున కత్తి గాటు తగిలి మరణించెను. ఆయన రోగ లక్షణములు సూతికా జ్వర లక్షణములను పోలియుండెను. సెమ్మెల్‌వైస్‌కు వెంటనే విషయము బోధపడినది. విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే ప్రసూతి గదికి వచ్చుచుండిరి. మంత్రసానులకు శవపరీక్షతో పనిలేదు. ఆ సంవత్సరము మే నెల నుండి ప్రతివారును క్లోరీను ద్రావణముతో చేతులు కడుగుకొనవలెనని ఆయన నియమము పెట్టెను. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణములు జూన్‌లో సుమారు 2కు దిగినవి. అయినను సూక్ష్మజీవుల సంగతి అప్పటికి స్థిరపడనందున పలువురు పెద్దలు ఆయన మాట నమ్మలేదు. 1865లో ఆయన కన్నుమూసెను. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లముతో తాను చేసిన చికిత్సా ఫలితములను ప్రకటించిన పిమ్మట లోకము క్రమముగా ఈ మార్గమునకు వచ్చినది.

క్లోరీను చేయు పని యేమి? బ్లీచింగు పౌడరు నీటిలో కలిసినప్పుడు హైపోక్లోరస్ ఆమ్లము పుట్టును. అది సూక్ష్మజీవుల మాంసకృత్తులను ఆక్సీకరించి పాడుచేయును. అయితే రక్తము, చీము, మురికి ఉన్నచోట క్లోరీను వాటితోనే చర్య జరిపి ఖర్చయిపోవును. కావున ముందు సబ్బునీటితో మురికి వదలించి, ఆపైన మందు వాడవలెను. నిలువయున్న ద్రావణము బలము తగ్గును గనుక ఏ రోజు కా రోజు కలుపుకొనవలెను. ఆమ్లముతో మాత్రము ఎన్నడును కలుపరాదు. విషవాయువైన క్లోరీను వెలువడును.

శస్త్రచికిత్స పరికరములకు ఇంత మాత్రము చాలదు. కొన్ని సూక్ష్మజీవుల సిద్ధబీజములు మరుగునీటిలో కూడ బ్రతుకును. ఆవిరి పీడనమును చదరపు అంగుళమునకు 15 పౌనులు పెంచినచో ఉష్ణోగ్రత 121 డిగ్రీల సెల్సియస్‌కు చేరును. ఆటోక్లేవులో ఈ వేడిని సాధారణముగా 15 నిమిషములు నిలిపినచో అవియు నశించును. ఇంటి ప్రెషర్ కుక్కరు పనిచేయు సూత్రము కూడ ఇదియే.

నేలను పొడి చీపురుతో ఊడ్చినచో దుమ్ముతోపాటు సూక్ష్మజీవులును గాలిలోనికి లేచును. అందువలన వార్డులలో తడిగుడ్డతో తుడువవలెను. శుభ్రమైన చోటినుండి మురికి చోటికి పోవలెను గాని అటునుండి ఇటు రాకూడదు. మన దేశములో ప్రభుత్వాసుపత్రుల శుభ్రతకు మార్కులు వేసి బహుమతు లిచ్చు ‘కాయకల్ప్’ పథకము 2015లో ఆరంభమైనది. 2016 నాటి నియమముల ప్రకారము ఆసుపత్రి చెత్తను పసుపు, ఎరుపు, తెలుపు, నీలము రంగులుగా వేరుచేయవలెను. సూదులు గ్రుచ్చుకొనని తెల్లని పెట్టెలో పడవలెను. ఈ నియమము తప్పినచో ముందుగా దెబ్బతినునది చెత్త నెత్తు పనివారి చేయియే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఒక విద్యార్థి అరచేతికి రంగు సుద్దపొడి పూసి, వరుసగా పదిమందితో చేతులు కలుప మనవలెను. పొడి ఎంతమంది చేతికి ప్రాకినదో పిల్లలే చూతురు. సూక్ష్మజీవులును ఇట్లే ప్రాకును. కాని వాటికి రంగు లేదు. అందుచేతనే వైద్యుడు మొదలు ఊడ్చువారివరకు, రోగిని చూడవచ్చిన బంధువులతో సహా, అందరును చేతులు కడుగుకొనవలసియున్నది.