చిన్న మీట – పెద్ద పని

మన మెట్ట పొలాల్లో బోరు మోటారు ఎలా ఆడుతుందో మీరెరుగుదురు. స్టార్టరు పెట్టె మీద పచ్చ బటన్ నొక్కుతారు. లోపల కాయిల్ అయస్కాంతమై ఇనుప పలకను లాగుతుంది, పాయింట్లు కలుస్తాయి, మూడు ఫేజుల కరెంటు మోటారుకు పరుగెడుతుంది. మీ వేలు మోటారు కరెంటును ముట్టలేదు. చిన్న కరెంటు ఆజ్ఞ ఇచ్చింది, పెద్ద కరెంటు పని చేసింది. రిలే అంటే ఇదే.

ఈ మాట గుర్రాల నుండి వచ్చింది. పూర్వం టపా బండ్లకు కట్టిన గుర్రాలు అలసిపోతే మజిలీలో కొత్త గుర్రాలను కట్టేవారు. ఆ మార్పుకే రిలే అని పేరు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1835లో ఈ విద్యుత్ పద్ధతిని చేసి చూపించాడు. తరువాత తంతి మార్గాలలో నీరసించిన కరెంటు స్థానే కొత్త బ్యాటరీ కరెంటును పంపడానికి ఇదే ఆధారమయింది. మన దేశంలో తంతి 2013 జూలైలో నిలిచిపోయింది గాని, రిలే నిలిచిపోలేదు.

ఇప్పుడు రేడియో స్టూడియోలోనికి రండి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. జగ్గయ్యపేట, నందిగామ రైతులు ఎన్నో ఏండ్లుగా దానిని విన్నవారే. అలాంటి స్టూడియోలో మాట్లాడేవారు ఒక గదిలో, యంత్రాలు నడిపేవారు అద్దానికి అవతల మరొక గదిలో ఉంటారు. వారి మధ్య మాటకు ఇంటర్‌కామ్ ప్యానెల్ ఉంటుంది. ఒక్కొక్క మీట ఒక్కొక్క మనిషిని పిలుస్తుంది. అయితే పెద్ద ప్యానెళ్లలో ఒక మీటకు మనిషికి బదులు రిలేను అప్పగించవచ్చు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన క్లియర్‌కామ్ కంపెనీ ఇంటర్‌కామ్‌కు ఆర్‌ఎల్‌వై-6 అనే విడిభాగాన్ని చేసింది. అందులో ఆరు రిలేలు ఉంటాయి. ఏ మీట ఏ రిలేను కదిలించాలో వైర్లు విప్పకుండా కంప్యూటర్‌లోనే నిర్ణయించవచ్చు. ఆ మీటతో తలుపు మీది ఎర్రదీపం వెలిగించవచ్చు, స్పీకరు నోరు మూయించవచ్చు, వాకీటాకీని మాట్లాడించవచ్చు, ఫ్యాను ఆపవచ్చు.

అయితే మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనండి.

మొదటిది, చిన్న పాయింటు మీద పెద్ద భారము వేయకండి. నందిగామలో మేము ప్రసంగాలు రికార్డు చేసుకొనే చిన్న గదికి ఒక పాత ప్యానెల్ దొరికింది. సీలింగు ఫ్యాను మోత రికార్డింగులో పడుతుందని, మా కుర్రవాడు 230 వోల్టుల ఫ్యాను వైరును నేరుగా ప్యానెల్ రిలేకు కలిపాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు పాయింట్లు అంటుకుపోయి ఫ్యాను ఆగలేదు, కాలిన వాసన వచ్చింది. అతడు పెట్టె మూత విప్పి చేయి పెట్టబోతుండగా, మరొకరు మెయిన్ స్విచ్ దించారు. ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో తలంచితే నేటికీ గుండె దడ పుడుతుంది. ప్యానెల్ రిలే, మాన్యువల్‌లో వ్రాసిన హద్దులో, తక్కువ వోల్టేజితో మరొక కాంటాక్టరు కాయిల్‌ను మాత్రమే కదిలించాలి. ఫ్యాను బరువును ఆ కాంటాక్టరు మోయాలి. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.

రెండవది, మీట స్వభావాన్ని ముందే నిర్ణయించండి. నొక్కి ఉంచినంతసేపే పని చేయాలా? లేక ఒకసారి నొక్కితే పని చేసి, మరల నొక్కితే ఆగాలా? వాకీటాకీకి మొదటిదే తగినది. లేనియెడల మీట మరచిపోయినవాడు చానెల్ అంతా ఆక్రమించి కూర్చుంటాడు. దీపానికి రెండవది తగినది.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కరెంటు పోతే ఏమి జరగాలి? ఆటో స్టార్టరు సంగతి చూడండి. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. కరెంటు లేదు గదా అని అప్పుడే వైరు పట్టుకొన్న రైతు ప్రాణమే పోవచ్చు. మనకు పొరుగున ఉన్న తెలంగాణలో 2018 జనవరి 1 నుండి పొలాలకు 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, నీరు వృథా పోకుండా ఆటో స్టార్టర్లను తీసివేయమని ప్రభుత్వమే కోరింది. సౌకర్యము వేరు, క్షేమము వేరు.

రిలేకు రెండు పాయింట్లుంటాయి. ఒకటి కాయిల్ లాగినప్పుడు కలిసేది, మరొకటి వదిలినప్పుడు కలిసేది. ఎర్రదీపాన్ని లాగినప్పుడు కలిసే పాయింటుకు కలిపితే, ప్యానెల్ చెడిన రోజున దీపం ఆరిపోతుంది. లోపల రికార్డింగు నడుస్తూనే ఉంటుంది, ఎవరో తలుపు తోసుకొని వస్తారు. గనుక తలక్రిందులుగా ఆలోచించండి. గది ఖాళీగా ఉన్నప్పుడే కాయిల్ లాగి పచ్చదీపం వెలిగించాలి. వదిలితే ఎర్రదీపం రావాలి. అప్పుడు ప్యానెల్ చచ్చిపోయినా వచ్చేవాడు బయటనే ఆగుతాడు. రెండు దీపాలూ లేకుంటే తలుపు తట్టి అడగడమే మార్గము. విద్యుత్ తాళము విషయంలో మాత్రం, కరెంటు పోతే తలుపు తెరుచుకొనేలా ఉండాలి. మంటలు లేచిన గదిలో మనుషులు బందీలు కాకూడదు.

ప్రియ చదువరీ! మీ గదిలో, మీ పొలంలో ఒక మీట అమర్చే ముందు "ఇది పని చేస్తుందా?" అని మాత్రమే అడగకండి. "ఇది చెడిపోయిన రోజున ఎవరికి హాని?" అని కూడా అడగండి. ఆ రెండవ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే వైరు కలపండి.