ఒక డిగ్రీ వంకర, రెండు కిలోమీటర్ల ఈడ్పు

ఈసారి బడి నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు పంక్చరు కొట్టు ముందు పడేసిన పాత టైర్లను ఒకసారి చేత్తో తడిమి చూడండి. కొన్ని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకేలా అరిగి ఉంటాయి. కొన్నిటికి మాత్రం ఒక అంచున గాడులు ఇంకా లోతుగానే ఉంటాయి, రెండో అంచు బోడిగుండులా నున్నగా ఉంటుంది. టైరు నాసిరకమని డ్రైవర్లు తిట్టుకుంటారు గాని, చాలాసార్లు తప్పు టైరుది కాదు. చక్రం నిలబడిన తీరుది.

కారును పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. ముందు చక్రాలు రెండూ దాదాపు సమాంతరంగా ఉండాలి. వాటి ముందు అంచులు దగ్గరైతే టో-ఇన్ అనీ, ఎడమైతే టో-అవుట్ అనీ అంటారు. టో అంటే కాలివేలు. మనం పాదాలను లోపలికో బయటికో తిప్పి నిలబడటం లాంటిదే ఇది.

ఇప్పుడొక చిన్న లెక్క. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం సుమారు 120 కి.మీ. ఒక చక్రం 1 డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకుందాం. కారు పోయేది ఒక దిక్కు, చక్రం చూసేది మరో దిక్కు. 1 డిగ్రీకి సైన్ విలువ 0.0175. దానితో 120ని గుణిస్తే 2.1 వస్తుంది. అంటే గోదావరి వంతెన చేరేలోగా ఆ టైరును రెండు కిలోమీటర్లకు పైగా పక్కకు ఈడ్చినట్టే! రబ్బరుకు సాగే గుణం ఉంది కాబట్టి కొంత సర్దుకుంటుంది. మిగిలినదంతా తారు మీద రాపిడే. త్రికోణమితి ఎందుకండీ అని అడిగే పిల్లలకు నేను ఈ లెక్కే వేసి చూపిస్తుంటాను.

రెండో కోణం క్యాంబర్. దీన్ని కారుకు ఎదురుగా నిలబడి చూడాలి. చక్రం పై అంచు లోపలికి వాలితే రుణ క్యాంబర్, బయటికి వాలితే ధన క్యాంబర్. మూడోది క్యాస్టర్. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, అలాంటి వాలు. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను తిన్నగా అయ్యేందుకు అది సాయపడుతుంది.

చక్రం నిటారుగా ఉంటే సరిపోతుంది కదా, వాల్చడం దేనికి? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ దారి పొడవు సుమారు 2.83 కి.మీ., అందులో 18 మలుపులు. సగటున 157 మీటర్లకు ఒక మలుపన్నమాట! మామూలు కారు మలుపులో వేగంగా తిరిగితే బండి బయటివైపు ఒరుగుతుంది, దానితోపాటే బయటి చక్రమూ ఒరుగుతుంది. అప్పుడు బరువంతా టైరు బయటి అంచు మీద పడుతుంది. అందుకే పందెం కోసం చక్రాన్ని ముందుగానే రెండు మూడు డిగ్రీలు లోపలికి వాల్చి ఉంచుతారు. మలుపులో ఒరిగే సరికి అది నిటారవుతుంది, టైరు వెడల్పంతా నేలను పట్టుకుంటుంది.

అదే కారును భద్రాచలం దారిన నడిపితే? చాలాదూరం తిన్నటి రోడ్డే కాబట్టి లోపలి అంచు మీదే నడుస్తుంది. ఆ అంచు బయటికి కనబడదు. బయటినుంచి చూస్తే టైరు నిక్షేపంగా ఉంటుంది. వానలో అడవి దారిన బ్రేకు వేసినప్పుడు గాని అసలు సంగతి తెలియదు. అందుకే రోడ్డు కారుకు క్యాంబర్ సున్నాకు దగ్గరగా, టో-ఇన్ ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంచడం మామూలు.

ఒకే కారుతో రెండు పనులూ చేయాలనుకునేవారికి వస్తుంది చిక్కు. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారును మీ తాతగార్లు ఎరుగుదురు. ఇంగ్లండులో అదే చట్రాన్ని కురచ చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల పందెపు కారు చేశారు. ఈ రెండింటికీ వెనక ఇరుసు నిలకడగా ఉండదు. తలుపు బందు మీద ఆడినట్టు, డిఫరెన్షియల్ దగ్గర చెరోవైపు ఊగుతుంది. వెనక భాగం పైకి లేస్తే చక్రాల కింది అంచులు లోపలికి ముడుచుకుంటాయి. చింతూరు నుంచి మారేడుమిల్లి వెళ్ళే ఘాటు లాంటి చోట వేగంగా మలుపు తిరుగుతూ, భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారా, సరిగ్గా ఇదే జరిగి కారు వెనక భాగం పక్కకు జారిపోవచ్చు. 1970లో వచ్చిన స్పిట్‌ఫైర్‌లో స్ప్రింగు బిగింపు మార్చి ఈ గుణాన్ని చాలావరకు తగ్గించారు. పాతవాటిలో స్ప్రింగుకూ డిఫరెన్షియల్‌కూ మధ్య దిమ్మ పెట్టి కారును కిందికి దించేవారున్నారు. అప్పుడు చక్రాలు ముందే లోపలికి వాలి ఉంటాయి. పందేనికి మంచిదే, కాని మన గుంతల దారిలో కారు అడుగు నేలకు తగులుతుంది! నన్నడిగితే రోడ్డు మీద నడిపే బండికి ఆ దిమ్మ వద్దంటాను.

కొలవడానికి పెద్ద యంత్రమే కావాలని లేదు. చదునైన నేల మీద, డ్రైవరంత బరువు సీటులో పెట్టి, కారుకు రెండువైపులా దాని నడిమి గీతకు సమాంతరంగా దారాలు కట్టాలి. దారం నుంచి రిమ్ము ముందు అంచుకూ, వెనక అంచుకూ ఉన్న దూరాల తేడాయే ఆ చక్రం టో. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసే గుండును రిమ్ము పక్కన వేలాడదీస్తే క్యాంబర్ తెలుస్తుంది. స్పిట్‌ఫైర్ రిమ్ము 13 అంగుళాలు, అంటే 330 మి.మీ. దాన్ని 0.0175తో గుణించండి. ప్రతి డిగ్రీకీ సుమారు 6 మి.మీ. తేడా వస్తుంది. ముందు క్యాంబర్ సరిచేశాకే టో చూడాలి, ఎందుకంటే మొదటిది కదిపితే రెండోదీ కదులుతుంది. జాకీ మీంచి దింపాక కారును కొన్ని అడుగులు ముందుకూ వెనక్కూ తోసి మరీ కొలవాలి. లేకపోతే టైర్లు బిగుసుకుని తప్పు కొలత చూపిస్తాయి.

పందెం తర్వాత మెకానిక్కులు టైరు లోపలి అంచున, నడుమ, బయటి అంచున వేడి కొలుస్తారు. లోపలి అంచు మరీ వేడిగా ఉంటే వాలు ఎక్కువైందని లెక్క. మనకు వేడి కొలిచే పరికరం లేకపోయినా అరచెయ్యి ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు గాడుల మీద చేతిని అడ్డంగా, లోపలినుంచి బయటికి ఒకసారి, బయటినుంచి లోపలికి ఒకసారి మెల్లగా రాయండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపం పళ్ళలా తగిలితే టో తప్పినట్టే. పంక్చరు కొట్టు ముందున్న ఆ పాత టైరుతోనే మొదలుపెట్టండి.